కొత్త కార్బన్ కాగితం

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఒక మాట నిజమో అబద్ధమో తేలాలంటే అందరూ అడిగేది ఒకటే: "పేపర్లో పడినాదా?" పడితే నిజం. పడకపోతే అది ఎవరో అరుగు మీద కూర్చుని అల్లిన కబురు. బెళుగుప్పకు అవతల, గాలి తప్ప వేళకు ఏదీ రాని మెట్ట మీద ఉండేది మా ఊరు. పేపరు పదకొండు గంటల బస్సులో వచ్చేది. అదే బస్సు రెండు గంటలకు వెనక్కి పోతూ మా ఊరి వార్తలను ఒక కవరులో అనంతపురం తీసుకుపోయేది. ఒకటి రెండు రోజులకు అవి అచ్చులో తిరిగి వచ్చేవి. పోయిన మాటే తిరిగి వచ్చిందా అని సరిచూసుకున్నవాళ్లు మాత్రం ఊళ్లో ఎవరూ లేరు. ఆ అవసరం నాకు పదకొండేళ్లప్పుడు పడింది.

ఇందులో పేర్లు రాయడం లేదు. భయపడి కాదు. పేర్లన్నీ ఇన్నేళ్లుగా నా అర్జీల్లో ఉన్నాయి. చదవాల్సినవాళ్లు అక్కడ చదవలేదు, ఇక్కడ రాసి మాత్రం ఏం లాభం?

ఆ కవరులో వార్తలు పెట్టి పంపేది మా పేపరు మామ. మాకు చుట్టం కాదు, పక్క వీధి ఆయన. ధర్మవరంలో మగ్గం నేసే ఇంట్లో పుట్టి, మా ఊరి పిల్లను చేసుకుని వచ్చి, ఆమె పోయాక కూడా ఇక్కడే ఉండిపోయాడు. పేపరు వేసేదీ ఆయనే, పేపరుకు రాసేదీ ఆయనే. ఒళ్లో చెక్కపలక పెట్టుకుని, రెండు తెల్లకాగితాల మధ్య కార్బన్ కాగితం దోపి, బాల్ పెన్నుతో నొక్కి నొక్కి రాసేవాడు. పై కాగితం బస్సుకు, కింది నకలు ఫైలుకు. కార్బన్ కాగితాల దగ్గర మాత్రం పరమ పిసినారి. ఒక్కదాన్ని నెల దాకా లాగించేవాడు. గీతల మీద గీతలు పడి, వెలుగుకు పెడితే అది జల్లెడలా కనబడేది. ఇక పనికిరాదని ఆయన పారేస్తే మేం పిల్లలం ఏరుకుని బొమ్మలు అచ్చువేసుకునేవాళ్లం.

తొంభైల చివర ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. విత్తిన చెనక్కాయ మట్టిలోనే మాడిపోయింది. బోర్లలో నీళ్లకు బదులు గాలి వచ్చేది. ఊరి జనం కోసం సర్కారు పంపిన నీళ్ల ట్యాంకరు ఊళ్లో ఆగకుండా నేరుగా తోటాయన చీనీ తోటకు, ఆ బత్తాయి చెట్లకు, పోయేది. ఊళ్లో ఎవరు ఏ పార్టీలో ఉండాలో చెప్పేది కూడా ఆ తోటాయనే. ఒకరోజు మా నాయన వెళ్లి ట్యాంకరుకు ఎదురుగా దారిలో కూర్చున్నాడు. "చీనీ చెట్లకు ఓట్లుండాయేమప్పా? బిందెలు నిండినాకనే బండి కదలాల" అన్నాడు డ్రైవరుతో. బిందెలు పట్టుకున్న ఆడవాళ్లందరూ నవ్వారు. ఆ రోజు ఊరంతా నీళ్లు పట్టుకుంది. మా ఇంటికి రెండు బిందెలు వచ్చాయి.

ఆ రెండు బిందెలు అయిపోకముందే జీపు వచ్చి నాయనను తీసుకుపోయింది. ట్యాంకరు పగలగొట్టాడట, డ్రైవరును కొట్టాడట. మరుసటి రోజు మధ్యాహ్నం ఒక ట్రాక్టరులో తెచ్చి ఇంటి ముందు దించారు. స్టేషనులో ఉండగా కడుపునొప్పి వచ్చి పోయాడన్నారు. కడుపునొప్పితో పోయిన మనిషికి అరికాళ్లు ఎందుకు నల్లబడతాయో నాకు ఈ రోజు వరకూ ఎవరూ చెప్పలేదు. మా అమ్మ తన కొంగుతో ఆ కాళ్లు కప్పింది. పేపరు మామ వచ్చాడు. వంగి ఆ కొంగు కొంచెం జరిపి చూశాడు. మళ్లీ కప్పి వెళ్లిపోయాడు.

మూడో రోజు పేపర్లో ఆ వార్త వచ్చింది. మా ఇంట్లో చదువు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని "ఏం రాసినారో చదువు పాపా" అంది. నాలుగు వరుసల వార్త. కడుపునొప్పి తాళలేక రైతు మృతి అని పైన, కింద మా నాయన పేరు, ఊరు. నా నోటితో నేనే చదివాను. అమ్మ మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. "మీ నాయనకు యానాడూ కడుపునొప్పి రాల్యేదే" అంది అమ్మ. అంతే. ఆ తర్వాత పోట్లాడాలని ఆమె ఎవరి దగ్గరికీ పోలేదు. పేపర్లో పడింది కదా.

నేను ఊరుకునే రకాన్ని కాదు, అప్పుడూ కాదు, ఇప్పుడూ కాదు. బడిలో పిల్లలు నన్ను చూసి కడుపు పట్టుకుని మెలికలు తిరిగేవాళ్లు. మా ఎదురింటామె పరామర్శకు వచ్చి, "ఇంత వాము నమిలించింటే బతికేటోడు గదమ్మా" అని మా అమ్మకే తప్పు అంటగట్టి పోయింది. ఆ ఇంట్లో నేను ఇప్పటికీ మంచినీళ్లు ముట్టను. ఆమె పోయి చాలాకాలమైంది, అయినా ముట్టను.

అందరికంటే నాకు ఎక్కువ కోపం పేపరు మామ మీద వచ్చింది. కాళ్లు చూసి కూడా అట్లా రాశాడే అని. మిట్టమధ్యాహ్నం ఆయన ఇంటికి పోయి, అరుగు మీద ఉన్న పేపర్ల కట్టను ఎత్తి వీధిలో విసిరేసి, వాటి మీదికెక్కి తొక్కాను. "నువ్వు దొంగవి మామా, దుడ్లు తీసుకుని రాసినావు" అని ఊరంతా వినబడేలా అరిచాను. ఆయన లేవలేదు. నాకు ఆయాసం వచ్చేదాకా చూసి, "అయిపాయనా? ఇంకేమన్నా ఉండాదా?" అన్నాడు. నేను ఏడవడం మొదలుపెట్టాను. అప్పుడు లోపలికి పిలిచాడు.

లోపల ఫైళ్లు పెట్టే బీరువా ఖాళీగా ఉంది. నిన్న నలుగురు వచ్చి నకళ్లన్నీ కట్టగట్టుకుని పోయారని చెప్పాడు. మరి నువ్వు రాసింది ఏంటని అడిగాను.

"చెప్తే నమ్ముతావా?"

"నమ్మను."

"నమ్మద్దు. నా మాట నమ్మద్దులే. చదువుకో."

బల్ల మీద, అందరికీ కనబడేచోట, ఆయన కార్బన్ కాగితాల పెట్టె ఉంది. వచ్చిన నలుగురూ దాని పక్కనే నిలబడి ఫైళ్లు తీసి ఉంటారు. నల్లటి కాగితాన్ని ఎవరు చదువుతారని దాన్ని ముట్టుకోలేదు. మామ అందులోంచి ఒక కాగితం అంచులు పట్టుకుని తీసి నా చేతికిచ్చి, ఎండకు పెట్టి చూడమన్నాడు. పెట్టాను. సన్నటి వెలుగు గీతలు కనబడ్డాయి గాని ఒక్క అక్షరం తెలియలేదు, చీమలు వెనక్కి నడిచినట్టు ఉంది. "తిరగెయ్ పాపా" అన్నాడు. "మగ్గం మీద చీరలో తప్పు పడినాదా ల్యాదా చూడల్లంటే తిరగేసే చూడాల. ఇదీ అంతే."

తిరగేశాను. నల్లటి కాగితంలో మా నాయన పేరు వెలుగుతూ కనబడింది.

అది నెల్లాళ్లు వాడిన కాగితం కాదు. కొత్తది. దాని మీద ఒకే ఒక్క వార్త రాశాడు, తర్వాత దేనికీ వాడలేదు. ట్యాంకరు సంగతి, తోట సంగతి, జీపు ఏ వేళకు వచ్చింది, ఎవరెవరు చూశారు, అరికాళ్ల మీద గాయాలు, అన్నీ ఉన్నాయి. చివరన, స్టేషనువాళ్లు మాత్రం కడుపునొప్పితో చనిపోయాడని చెబుతున్నారు అని ఒక వరుస ఉంది. అది చదివి ఆయన వైపు చూశాను.

"ఔ, అది కూడా నేనే రాస్తి" అన్నాడు. "రెండు పక్కలా రాయాల గదా అని రాస్తి. అనంతపురంలో కూచున్నోళ్లు ఒక పక్కే మిగిలించినారు."

ఆయనకు నా మీద కోపం రాలేదు గాని, ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా కళ్లలోకి చూడలేదు. అంత పిసినారి ఆ ఒక్క వార్తకు కొత్త కార్బన్ ఎందుకు తీశాడో నేను ఎన్నిసార్లు ఆలోచించానో. ఇట్లా అవుతుందని ముందే తెలుసా, లేక పోయిన మనిషికి కొత్త బట్ట కప్పినట్టు కొత్త కాగితం తీశాడా? అడగాల్సిన రోజు అడగలేదు.

ఆ కాగితాన్ని పాత పేపరులో పెట్టి నాకే ఇచ్చాడు. ఎండలో పెట్టొద్దని, మెరిసే వైపు వేలు తగలనివ్వొద్దని చెప్పాడు. నేను పరుగెత్తి ఇంటికి పోయి, పెరట్లో అంట్లు తోముతున్న అమ్మను లేపి, కాగితాన్ని ఎండకు ఎత్తిపట్టి గట్టిగా చదివాను. ఇంతకుముందు ఏ నోటితో కడుపునొప్పి అని చదివానో అదే నోటితో చదివాను. అమ్మ నాకు ఎదురుగా, కాగితానికి అవతల నిలబడి వింటోంది. అంతా అయ్యాక, "మీ నాయన పేరు యాడుండాది?" అని అడిగింది. ఇదిగో ఈడ అని చూపించాను. అమ్మ తడి చేతి బొటనవేలు చాచి ఆ పేరును తడిమింది. వద్దనే లోపే అయిపోయింది. మెరిసే వైపు అదే. అమ్మ వేలు నల్లగా అయింది. కాగితంలో నాయన పేరు ఉన్నచోట వేలంత వెలుగు మిగిలింది.

ఆ వార్త పంపినందుకు పేపరువాళ్లు మామను తీసేశారు. అయినా ఆయన దాన్ని జ్ఞాపకం మీద మళ్లీ రాశాడు. ఈసారి దూరపు పట్నాల పేపర్లకు పంపుతానని, మా ఊరి పోస్టు డబ్బాలో వేయనని, కళ్యాణదుర్గం పోయి రిజిస్టరు చేసి వస్తానని ఒక ఉదయం సైకిలెక్కి పోయాడు. సాయంత్రానికి సైకిలు కనబడింది. దారి పక్కన స్టాండు వేసి, తాళం వేసి ఉంది. మనిషి కనబడలేదు.

ఆ సైకిలు నన్ను వదల్లేదు. పడిపోయి ఉంటే ఏదో జరిగిందని అనుకునేదాన్ని. తాళం వేసి ఉందంటే, వెనక్కి వస్తాననే కదా దిగాడు. ఎవరు పిలిస్తే దిగాడు? ఊళ్లో నెల తిరగకుండానే మాట పుట్టింది, పేపరాయన బెంగళూరు పోయినాడంట, ఆడ ఎవరో చూసినారంట అని. ఆ మాట చెప్పినవాళ్లందరినీ నేను ఒకటే అడిగాను: "పేపర్లో పడినాదా?" పడలేదు కాబట్టి ఆ ఊరి లెక్కనే అది నిజం కాదు. ఆయన బెంగళూరు పోలేదు. కానీ వార్తలు రాసే మనిషే కనబడకపోతే ఆ వార్త రాసేదెవరు?

నేనే రాశాను. ఆరో తరగతి దస్తూరితో, ఆయన పెట్టెలో మిగిలిన కొత్త కార్బన్ ఒకటి తీసి, నకలు పెట్టి రాసి, రెండు గంటల బస్సు కండక్టరు చేతికిచ్చాను. ఆయన కవరు తిప్పి చూసి, "ఏమ్మా, నువ్వు కూడా పేపరోళ్లల్లో చేరినావా?" అని నవ్వాడు. ఆ వార్త పడలేదు. నకలు నా దగ్గర ఉంది.

కొన్నేళ్లకు హక్కుల సంఘమని ఇద్దరు ముగ్గురు వచ్చారు. వాళ్లలో ఒక లాయరమ్మ నా కార్బన్ కాగితాన్ని కిటికీకి పెట్టి అక్షరం అక్షరం ఎత్తి రాసుకుంది. ఎవరూ చెప్పకుండానే తిరగేసి చదివింది, ఆమె మీద నాకు ఆ గౌరవం ఉంది. విచారణ జరిగింది. ఏడాది తర్వాత జవాబు వచ్చింది: సమర్పించిన కాగితంలో మృతుని పేరు కనబడటం లేదు కనుక దానిని పరిగణనలోకి తీసుకోలేము.

ఆ జవాబును అమ్మకు చదివి వినిపించింది కూడా నేనే. ఎందుకు కనబడలేదంట అని అడిగింది. నేను చెప్పలేదు. కాగితం పాతదైపోయింది లేమ్మా అన్నాను. ఇన్ని అర్జీలు రాసిన నేను తెలిసి చెప్పిన అబద్ధం అదొక్కటే. అమ్మ పోయేదాకా దాని మీదే నిలబడ్డాను.

ఇప్పుడు నాకు నలభై దాటాయి. మండలాఫీసు ముందు కూర్చుని జనానికి అర్జీలు రాసిపెడతాను. లోపలి గుమాస్తాలు నన్ను చూస్తే "మళ్లా వచ్చినావా తల్లీ" అని నొసలు కొట్టుకుంటారు. వీధి చివర జిరాక్సు ఉన్నా నేను కార్బన్ పెట్టే రాస్తాను, ఒక్కో అర్జీకి ఒక్కో కొత్త కాగితం. ఫోనులో ఏ దేశంలో విలేకరి కనబడలేదని వచ్చినా, పక్కనున్న దేశమైనా సముద్రం అవతలిదైనా, నాకు ముందు తాళం వేసిన సైకిలే కనబడుతుంది. ఆయనే ఇష్టపడి ఎక్కడికో పోయాడని కింద ఎవరో ఒకరు రాస్తారు. నేను దాన్ని తిరగేసి చదువుతాను.

మా నాయన మీద ఏటా ఒక అర్జీ పంపుతూనే ఉన్నాను. అందులో ప్రతిసారీ ఒకే ప్రశ్న రాస్తాను. మా అమ్మకు సంతకం రాదు. రేషను కార్డు మీద, పట్టా పుస్తకం మీద, మీరు చాచిన ప్రతి కాగితం మీద ఆమె బొటనవేలు ఒత్తితే చెల్లింది. మా నాయన పేరు మీద ఒత్తిన ఆ ఒక్క వేలిముద్ర ఎందుకు చెల్లదు?