సొరుగు నంబరు వరస

బజారులో పుట్టిన పుకారు ప్రకారం, సొరుగుల అత్తయ్య ఒక్క పూటలో కుట్టుమిషన్ స్పేర్‌పార్టుల షాపు వెబ్‌సైటు నుంచి మూడు వందల సామాన్లు మాయం చేసింది. జిరాక్సు షాపు చేరేసరికి అవి ఆరు వందలయ్యాయి. మూలమీది టైలరు దాకా వెళ్లేసరికి వెబ్‌సైటే పోయింది. ఇంకెంత దూరం పాకేదో గానీ, ఆ సాయంత్రం వాన పడింది.

అత్తయ్య షాపు యజమానికి మేనత్త. పదకొండేళ్లుగా వెనక స్టోరుగది ఆవిడ రాజ్యం. గోడల నిండా చెక్క సొరుగులు. సామాన్ల పేర్లకు ఆవిడ నోరు తిరగదు. ఏది ఎక్కడుందో మాత్రం కళ్లు మూసుకుని చెబుతుంది. "వంకర ముక్కు పాదమా? తొంభై ఏడు," అంటుంది, చెయ్యి అప్పటికే అక్కడుంటుంది.

వెబ్‌సైటు వచ్చాక చిక్కొచ్చి పడింది. ఆర్డరు రాగానే కంప్యూటరులో సామాన్ల జాబితా తెరిస్తే పేరు, వర్గం, రాసినవారు, తేదీ, ఇవే కనిపించేవి. బొమ్మ లేదు, సొరుగు నంబరు లేదు. కింది దారపు చుట్ట పెట్టే బాబిన్ కేసులే ముప్పయ్యొక్క రకాలు, పేర్లన్నీ కవలపిల్లల్లా ఉండేవి. సామాను ఎక్కించిందెవరో చెప్పే "రాసినవారు" అన్న వరసలో పైనుంచి కిందిదాకా మేనల్లుడి పేరే. ఒక్క నెలలో మూడు పార్సిళ్లు తప్పుగా వెళ్లాయి.

"ఇంకొక్కటి తప్పు వెళ్లిందంటే స్టోరు తాళాలు ఇచ్చెయ్ అత్తా. ఇంట్లో హాయిగా కూర్చుందువు గాని," అన్నాడు మేనల్లుడు.

"ఇంట్లో కూర్చుంటే మీ మామయ్యతో మాట్లాడాల్రా," అంది అత్తయ్య. నవ్వుతూనే అంది గానీ, కొంగున తాళాల ముడి ఒకసారి తడిమి చూసుకుంది.

వెబ్‌సైటు తయారుచేసినాయన దేనికైనా "తర్వాత చూద్దాం" అంటాడు కాబట్టి షాపులో ఆయన పేరే తర్వాతచూద్దాం. అత్తయ్య ఆయనకు ఫోన్ చేసింది.

"బాబూ, జాబితాలో సొరుగు నంబరు కనపడాలి."

"అది తర్వాత చూద్దాం అత్తయ్యగారూ."

"మీ ఆవిడ మిషనుకు బెల్టు కావాలన్నావుగా. అది ఏ సొరుగులో ఉందో నేనూ తర్వాత చూస్తాలే."

మర్నాడు పదింటికల్లా ఆయన స్టోరులో ఉన్నాడు. జాబితాలో వరసలు మార్చుకునే సాధనమొకటి అమర్చి, అత్తయ్యకు నేర్పాడు. టిక్కు పెడితే వరస వస్తుంది, తీస్తే పోతుంది, సామాను మాత్రం ఎక్కడికీ పోదు. బెల్టు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

అత్తయ్య నాలుగు రోజులు కూర్చుని నాలుగు వందల పన్నెండు సామాన్లకూ సొరుగు నంబర్లు ఎక్కించింది. ముందు బొమ్మ, పక్కన నంబరు. "రాసినవారు" తీసేసింది, వాడి పేరు వాడికి తెలుసు, తనకూ తెలుసు. తేదీ తీసేసింది. చివరికి స్టాకు ఉన్నవే కనపడేలా వడపోత పెట్టి, తెరవగానే అదే రావాలని సేవ్ చేసింది. నూట పన్నెండు మిగిలాయి. ఎంత తేటగా ఉందో అనుకుంది.

మర్నాడు ముందుగదిలో మేనల్లుడు జాబితా తెరిచాడు. ఆయన కేక వీధిలోకి వినిపించింది.

"అత్తా, నా సామానేది? నా పేరేది?"

"పేరు నేనే తీశాన్రా. సామానంటావా, నూట పన్నెండు రకాలు సొరుగుల్లో ఉన్నాయి. మిగతా మూడు వందలూ నువ్వు తెప్పించలేదు."

మేనల్లుడు తాళాల కోసం చెయ్యి చాపాడు. అత్తయ్య కొంగున ఉన్న తాళాలు విప్పి ఆ చేతిలో పెట్టింది. పదకొండేళ్ల ముడి, విప్పడానికి కాస్త సమయం పట్టింది.

కబురందుకున్న తర్వాతచూద్దాం, జీవితంలో మొదటిసారి వెంటనే వచ్చాడు. తన ఫోన్‌లో షాపు వెబ్‌సైటు తెరిచి చూపించాడు. కొనేవాళ్లకు నాలుగు వందల పన్నెండూ భద్రంగా కనపడుతున్నాయి.

"మారింది లోపలి జాబితా తీరు, అంతే. అదీ ఎవరి అకౌంటుకు వాళ్లదే. ఆవిడ మార్చుకుంటే మీకెందుకు మారుతుంది?" అన్నాడు, తానే తికమకపడి. "అత్తయ్యగారూ, మీరు ఎవరి పేరుతో లోపలికి వెళ్లారు?"

"వీడి పేరుతోనే. మూడేళ్లుగా అంతేగా. పాస్‌వర్డు చీటీ ఇచ్చిందే వీడు."

అంతలో ఆర్డరు వచ్చినట్టు కంప్యూటరు టింగుమంది. అత్తయ్య తెర మీద బొమ్మ చూసింది, నంబరు చూసింది.

"నూట నలభై," అంది. "తాళం నీ దగ్గరుంది మరి. వెళ్లి తెస్తావా?"

మేనల్లుడు తాళాలు ఆవిడ చేతిలో పెట్టేశాడు. ఆ పార్సిలు సరిగ్గానే వెళ్లింది.

బజారుకు చేరని సంగతి ఒకటుంది. ఆ రోజు వెబ్‌సైటులో అకౌంట్లు మూడు: ఒకటి మేనల్లుడిది, ఒకటి తర్వాతచూద్దాంది, ఒకటి ఎప్పుడో ఒక్క పూట వచ్చి బొమ్మలు తీసి వెళ్లిన ఫొటోగ్రాఫరుది. అత్తయ్యకు లేదు.