నీళ్ళు తొరిపే చెయ్యి

మొన్న ఆదివారం మా బందరు ఇంట్లో గీజరు అడుగు నుంచి కారడం మొదలుపెట్టింది. బాగుచేయడానికి వచ్చినతను లోపలి తొట్టి తుప్పు పట్టిపోయిందని, కొత్తది కొనుక్కోవడమే మేలని చెప్పి వెళ్ళాడు. ఆ సాయంత్రం మా కోడలు నా పక్కన కూర్చుని ఫోనులో రకరకాల గీజర్లు చూపించింది. అప్పటికప్పుడు కాచేది ఒకటి, కాచి నిలవ ఉంచేది ఒకటి, గ్యాసుది ఒకటి, డాబా మీద ఎండకి పెట్టేది ఒకటి. ఆ అమ్మాయి ఓపికగా చదివి వినిపిస్తుంటే, వింటున్నట్టు తల ఊపుతూనే నేను దివిసీమలో, మోపిదేవికి కాస్త అవతల ఉన్న మా అత్తవారి పెరట్లోకి వెళ్ళిపోయాను.

నా ఈడు వాళ్ళకి నీళ్ళ పొయ్యి అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. పెరట్లో బావికి పడమర పక్కన మట్టితో కట్టిన దిమ్మె, అందులో కుదురుగా కూర్చున్న పెద్ద రాగి కాగు, వెనక పొగ పోవడానికి పెంకు గొట్టం. ఆ గొట్టంలోంచి పోయే పొగ కన్నా ఎదురుగా వచ్చే పొగే ఎక్కువ. కొబ్బరి మట్టలు, తాటి కమ్మలు, జనప కట్టె, తుమ్మ మొద్దు, ఏది దొరికితే అది అందులోకి పోయేది. అప్పటికే మా వంటింట్లోకి గ్యాసు వచ్చింది కానీ, పదిమంది స్నానాలకి గ్యాసు మీద నీళ్ళు కాచడం అయ్యే పని కాదు. అందుకని పొయ్యి పెరట్లోనే ఉండిపోయింది, దాని ముందు పీట మీద మా అత్తగారూ ఉండిపోయారు.

కాగులో నీళ్ళు మరగడం ఒక ఎత్తు, వాటిని తొరపడం ఇంకో ఎత్తు. తొరపడం అన్న మాట ఇప్పటి పిల్లలకి తెలియదు. మరిగిన నీళ్ళలో చన్నీళ్ళు కలిపి ఒంటికి సరిపోయే వేడికి తేవడాన్ని మేము అలా అనేవాళ్ళం. మా ఇంట్లో ఆ పని అత్తగారు ఇంకొకరి చేతికి ఇచ్చేవారు కాదు. పొద్దున్నే ఎవరు పెరట్లోకి వస్తే వాళ్ళ మొహం వంక ఒకసారి చూసి, గంగాళంలో చెంబులు వంచి, మోచెయ్యి ముంచి, ఊఁ వెళ్ళు అనేవారు. మోకాళ్ళ నొప్పులున్న మామగారికి ఒక వేడి, జలుబు చేసిన పిల్లకి ఒక వేడి, పొలం నుంచి వచ్చిన మరిదికి ఒక వేడి. నా పెళ్ళయిన రెండో ఏడు, వరుసగా కొన్నాళ్ళు నాకు నీళ్ళు బొత్తిగా గోరువెచ్చగా పోశారు. నా మీద ఏదో కోపం వచ్చిందనుకుని లోలోపల బాధపడ్డాను. ఆ తరువాత వారానికి గానీ నెల తప్పిన సంగతి నాకు తెలియలేదు. లెక్కల టీచరుని, నెలలూ తేదీలూ నా నాలుక చివర ఉంటాయని పేరు. నా లెక్క నాకన్నా ముందు ఆవిడ వేశారు.

అటువంటి మనిషికి దగ్గు పట్టుకుంది. మొదట్లో చలికాలపు దగ్గే అనుకున్నాం, తరువాత అది ఎండాకాలంలోనూ పోలేదు. నేను చెప్పబోయే ఏడు, నాగుల చవితికి మోపిదేవి వెళ్ళి పుట్టలో పాలు పోయడానికి వరసలో నిలబడితే, ఆవిడ నాలుగడుగులు వేసి గోడ పట్టుకుని ఆగిపోయారు. మా మరిది ఇప్పటికీ అది దీపావళికి ముందు జరిగిందంటాడు. కాదు. చవితి నాడే, మర్నాడే ఆవిడని బందరు తీసుకువెళ్ళాం. డాక్టరు గారు వీపు మీద చాలాసేపు విని, మామగారిని పక్కకి పిలిచి, ఈవిడ ఇక పొగ దగ్గర కూర్చోకూడదని, కూర్చుంటే వచ్చే చలికాలానికి మీకు దక్కరని చెప్పారు. ఆవిడకి మాత్రం ఆ మాట సగం కూడా ఎక్కలేదు. గుడివాడ నుంచి మా చిన్న ఆడపడుచుని మార్గశిరంలో పురిటికి తీసుకురావాలి, బాలింతకీ పసిగుడ్డుకీ నీళ్ళు కాచాలి, ఈ సమయంలో పొయ్యి మానమంటే ఎలాగని ఆవిడ బాధ.

ఇక ఇంట్లో చర్చలు మొదలయ్యాయి. మామగారు ఊక పోసి మండించే రాగి బాయిలరు తెద్దామన్నారు, అది కూడా పొగదేనని మావారు కొట్టిపారేశారు. మావారికి కరెంటు గీజరు మీద మనసు. ఊళ్ళో వోల్టేజి సంగతి తెలిసి కూడా అలా అంటారేమిటి, మనం స్నానం చేస్తుంటే వీధి దీపాలన్నీ మిణుకుమంటాయి అని మరిది ఎకసెక్కం. ఆ మరిది గుడివాడలో ఒక లాడ్జి డాబా మీద సోలారు పలకలు చూసి వచ్చి రెండు రోజులు వాటి గురించే మాట్లాడాడు. ఎండకి కాగిన నీళ్ళు సాయంత్రానికి వేడిగా ఉంటాయి, తెల్లవారి స్నానాలకి ఎంత మిగులుతుంది, ముసురు పట్టిన వారం ఏం చేస్తారు అని నేను అడిగితే నా వంక గుర్రుగా చూశాడు. మా బోరు నీళ్ళు ఉప్పన. వాటితో గీజరు పెడితే లోపల తెల్లటి పెచ్చు కట్టి కాయిలు కాలిపోతుందని బందరులో అందరూ చెప్పారు. చివరికి కాలవ నీళ్ళు పట్టే తొట్టి నుంచి విడిగా పైపు, మీటరు నుంచి విడిగా తీగ వేసి, పొలాల మోటార్లు ఆడని తెల్లవారుజామున కాచుకునేటట్టు నిలవ గీజరే కొనాలని తేలింది. మేమందరం మా తెలివికి మురిసిపోయి, అత్తగారిని బందరు షాపుకి వెంటబెట్టుకు వెళ్ళాం.

షాపతను మంచివాడే. అన్నీ ఓర్పుగా చూపించాడు. ఆవిడ అంతా విని ఒక్కటే అడిగారు.

"నీళ్ళు తొరిపేదెవరు బాబూ?"

"తొరపక్కర్లేదమ్మా. ఇదిగో, ఈ బిళ్ళ తిప్పితే చాలు. ఎవరికి ఎంత వేడి కావాలో వాళ్ళే పెట్టుకోవచ్చు."

ఆవిడ అలాగా అని బయటికి వచ్చేశారు. చల్లపల్లి మీదుగా బస్సులో తిరిగి వచ్చాం. మా ఊరి దగ్గర దిగబోతూ నాతో అన్నారు, "ఎవరికెంత కావాలో వాళ్ళకేం తెలుస్తుందే?"

నెల రోజులుగా మేము తర్కించినదంతా నీళ్ళు దేనితో కాచాలన్నదే. ఆవిడ అడుగుతున్నది కాగిన తరువాతి సంగతి. మర్నాడు నేను మావారితో చెప్పి, పైపులు బిగించే అతను వచ్చినప్పుడు పంపులు గోడకి అందరూ పెట్టించుకునే ఎత్తులో కాకుండా, పీట మీద కూర్చున్న మనిషి చేతికి అందేంత కిందకి పెట్టించాను. వేణ్ణీళ్ళది ఒకటి, చన్నీళ్ళది ఒకటి, రెండింటి మధ్య గంగాళం పట్టేంత చోటు. అతను ఇంత కింద పంపులేమిటండీ, కోళ్ళకా అని నవ్వాడు. అత్తగారు ఆ పీట మీద కూర్చుని, రెండు పంపులూ తిప్పి, మోచెయ్యి ముంచి చూసుకుని, ఊఁ అన్నారు. అదే ఆవిడ ఒప్పుకోలు.

పెరటి పొయ్యిని మాత్రం తీయనివ్వలేదు. తుపాను వస్తే వారాల తరబడి కరెంటు ఉండని ప్రాంతం మాది, పొయ్యి ఉంటే ఉంటుందిలే అన్నారు. ఆ వంకన రోజూ ఏదో ఒక పనికి, పశువుల కుడితికనో దుప్పట్లు నానబెట్టడానికనో, దాన్ని ముట్టిస్తూనే ఉన్నారు. దగ్గు అలాగే ఉంది.

ఆడపడుచుకి ఆడపిల్ల పుట్టింది. పురుడు వెళ్ళాక మొదటిసారి పిల్లకి నలుగు పెట్టి, అత్తగారు స్నానాల గదిలో కాళ్ళు చాచుకుని, పిల్లని కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తున్నారు. నేను చెంబు అందిస్తున్నాను. ఇంతలో గుమ్మంలోంచి దట్టంగా పొగ వచ్చింది. స్నానం అయ్యాక పిల్లకి సాంబ్రాణి వెయ్యాలి, సాంబ్రాణికి నిప్పులు కావాలి, గ్యాసు పొయ్యిలోనూ గీజరులోనూ నిప్పులు ఉండవు. ఆ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. మామగారికి తట్టి, ఎవరినీ శ్రమ పెట్టడం ఎందుకని ఆయనే వెళ్ళి పచ్చి కొబ్బరి మట్టలతో నీళ్ళ పొయ్యి ముట్టించారు. పొగ మాన్పించడానికి ఇంటిల్లిపాదీ పడిన శ్రమంతా అయ్యాక, పొగ వెయ్యడానికి పొగ పెట్టాం.

అత్తగారికి దగ్గు తెర వచ్చింది. ఒళ్ళంతా కుదిపేస్తోంది, కాళ్ళ మీద నూనె జిడ్డుతో పిల్ల జారుతోంది, ఆవిడ రెండు చేతులతో పిల్లని అదిమి పట్టుకుని ఊపిరి తీసుకోలేకపోతున్నారు. నేను చెంబు వదిలేసి పిల్లని అందుకున్నాను. అప్పుడు పిల్ల కూడా దగ్గింది. పిచ్చుక తుమ్మినట్టు, చిన్న దగ్గు. అత్తగారు అది విని దగ్గు మధ్యలోనే పిల్ల వంక తల తిప్పారు. మావారు బయట, నిప్పులు కూడా గీజరు షాపులో అడగాల్సింది నాన్నా అని వేళాకోళమాడుతున్నారు.

కాస్త ఊపిరి కుదుటపడ్డాక ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడి మామగారితో అన్నారు, "దాని ఊపిరి బియ్యపు గింజంత. దానికి ఇప్పటినుంచే పొగ పెడతామా? సాంబ్రాణీ వద్దు, ఏమీ వద్దు, ఎండలో ఆరబెడతాను. ఆ పొయ్యి ఇవాళే తీయించెయ్యండి."

డాక్టరు చెప్పినా, మేము బతిమాలినా తన ఊపిరి కోసం వదలని పొయ్యిని పిల్ల ఊపిరి కోసం ఒక్క మాటతో వదిలేశారు. ఆ సాయంత్రమే పాలేరు దిమ్మె పగలగొట్టి, కాగు తీసి కడిగి బోర్లించాడు. పొయ్యి ఉన్నచోట మట్టి కొన్నాళ్ళు నల్లగానే ఉంది.

ఆ మర్నాడు మా ఇంట్లో అందరం ఆలస్యంగా లేచాం. ధనుర్మాసం, బయట మంచు. నాకు బడి బస్సు తప్పిపోయింది. మరిది పాలకేంద్రానికి పాలు పోయలేకపోయాడు. ఎలా జరిగిందో మొదట అర్థం కాలేదు. ఇన్నేళ్ళూ మమ్మల్ని నిద్ర లేపుతున్నది పెరట్లో ఆవిడ దగ్గేనని, అది ఆ పొద్దున వినబడలేదని కాసేపటికి తెలిసింది. ఆవిడ మటుకు ఎప్పటి వేళకే లేచి, అరుగు మీద శాలువా కప్పుకుని, నోరు మూసుకుని ముక్కుతో నెమ్మదిగా గాలి పీలుస్తూ కూర్చున్నారు. లేపలేదేం అత్తయ్యా అంటే, పడుకోనీ అనుకున్నానే అన్నారు. ఆ తరువాత చాలా చలికాలాలు ఆవిడ మాకు దక్కారు. మా ఇంట పుట్టిన పిల్లలందరూ ఆ కాళ్ళ మీదే నీళ్ళు పోయించుకున్నారు.

కోడలు చివరికి ఒక్కొక్క గదికి ఒక్కొక్క చిన్న గీజరు బుక్ చేసింది. మంచిదే, పొగ లేదు, ఎదురు చూపులు లేవు, ఎవరి తలుపు వాళ్ళు వేసుకుని ఎవరి వేడి వాళ్ళు చూసుకుంటారు. నేనూ అలాగే చేసుకుంటాను. ఈ మధ్య నా మోకాళ్ళు బాగా నొప్పి పెడుతున్నాయి. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియాలంటే నేనే చెప్పాలి.