అద్దె చప్పట్ల అక్కయ్య

మా అక్కయ్య ఉద్యోగం చప్పట్లు కొట్టడం. టీవీలో పాటల పోటీ చూస్తుంటే ముందు వరుసలో ఒకావిడ మైమరచి తల ఊపుతూ కనిపిస్తుందే, ఆవిడే. కూలికి వచ్చి కూర్చున్న శ్రోత అని ఎవరూ అనుకోరు. అంత నమ్మకంగా ఊపుతుంది.

ఈ పనిలో ఒక చిత్రముంది. పాడేవాళ్లు మేకప్ గదిలో ఉండగానే, ఖాళీ వేదిక ముందు శ్రోతల మొహాలు కెమెరాతో తీసి పెట్టుకుంటారు. "ఆశ్చర్యపోండి!" అని కేకేస్తాడు ఫ్లోర్ మేనేజర్. పోతారు. "ఏడవండి!" ఏడుస్తారు. "పాట నచ్చలేదు!" మూతులు ముడుస్తారు. తర్వాత ఏ మొహాన్ని ఏ పాటకి అతికిస్తారో ఎడిటింగ్ గదిలోవాళ్లకే తెలియాలి.

ఆ పోటీకి మా అమ్మాయి చిట్టి ఎంపికైంది. దాని మొదటి పాట టీవీలో వచ్చిన రోజు సోఫా చాలక అక్కయ్యతో సహా సగంమందిమి నేల మీద సర్దుకున్నాం. చిట్టి పై స్థాయి అందుకుంది. సరిగ్గా అప్పుడే తెర నిండా మా అక్కయ్య, చేదు మాత్ర చప్పరిస్తున్నట్టు!

"ఏంటి వదినా అది? మేనకోడలు పాడుతుంటే అలాగేనా చూసేది?" అంది మా ఆవిడ.

"అయ్యో, అది దీని పాటకి కాదమ్మాయ్! షూటింగ్ రోజు పొద్దునే పెట్టించారు."

"మరెవరి పాటకి?"

"ఎవరి పాటకీ కాదు. ఊరికే పెట్టాను."

"ఊరికే ఎవరైనా అలాంటి మొహం పెడతారా?"

నిజం అంత అబద్ధంలా వినిపించడం నేనెప్పుడూ ఎరగను. చిట్టి మాత్రం "అత్తకే నచ్చలేదంటే ఇంకేం పాడతాను" అని గొణిగి, ఆ పూట నుంచి సాధన మానేసింది.

రెండో పాట రోజు స్టూడియోలో నేనూ మా ఆవిడా వెనక వరుసలో బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాం. చిట్టి మైకు పట్టుకుంది, ముందు వరుసలో అత్తని చూసింది, మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. వాద్యాలూ ఆగాయి. ప్రతి పాటకీ "అదిరిపోయింది!" అని అరవందే ఊపిరాడని యాంకర్ దగ్గరికొచ్చి, "ఏమైందమ్మా, భయమా?" అన్నాడు.

"మా అత్తకి నా పాట నచ్చలేదండీ."

అద్దె శ్రోతలు నోరు విప్పకూడదు. విప్పితే మళ్లీ పిలవరు. మా అక్కయ్య చేతిసంచి పక్కావిడ ఒళ్లో పడేసి లేచి నిలబడింది.

"నచ్చకపోవడమేంటే! ఆ మొహం పెట్టేసరికి నీకింకా జడ కూడా వెయ్యలేదు! నచ్చని మొహం పెట్టమన్నాడు, పెట్టాను. కావాలంటే ఆ కేకలేసే బాబునే అడుగు!"

హాలు గొల్లుమంది. న్యాయనిర్ణేతలు బల్ల చరిచి నవ్వారు. యాంకర్ అలవాటుకొద్దీ "అదిరిపోయింది!" అని అరిచాడు. ఫ్లోర్ మేనేజర్ చేతిలో కాగితాలతో మొహం కప్పుకున్నాడు.

"అయితే నచ్చిందా అత్తా?"

"ముందు పాడి చావవే, చెప్తాను!"

చిట్టి నవ్వుతూనే పాట ఎత్తుకుంది. ఎవరూ కేకేయకుండానే అక్కయ్య ముక్కు చీదుకుంటూ ఏడ్చింది.

పాటయ్యాక ఫ్లోర్ మేనేజర్ గబగబా వచ్చాడు. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాం.

"అమ్మా, మీరన్నదంతా కత్తిరించేస్తాం. ఆ ఏడుపూ పనికిరాదు, ముక్కు కందిపోయింది. రేపు మళ్లీ శుభ్రంగా ఏడవాలి, పెందలాడే రండి."

"వస్తాలే బాబూ" అంది అక్కయ్య కళ్లు తుడుచుకుంటూ.

మా ఆవిడ అతనికి అడ్డంగా వెళ్లి నిలబడింది. "నాక్కూడా ఒక కుర్చీ వేయించండి. మా వదిన పక్కనే."