కోడిగుడ్డు వలయాలు

పదవీ విరమణకు ముందు చివరి రెండేళ్లు కార్ఖానా అనే పేటలోని ఒక చిన్న డిజైన్ ఆఫీసులో హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాను. ఏ డ్రాయింగైనా వర్క్‌షాపుకు వెళ్లేముందు నేను తనిఖీ చేసి సంతకం పెట్టాలి. ఆ జూన్‌లో మౌలాలిలోని ఒక బడి వాళ్లు రెయిలింగు పని ఇచ్చారు. పాత వరండాలోని నమూనానే కొత్త వరండాకూ కావాలన్నారు. మధ్యలో ఇనుప వలయం, రెండు పక్కలా చుట్ట తిరిగిన కడ్డీలు, వాటిని కలుపుతూ తిన్నని అడ్డ కడ్డీలు, చివరల్లో నిలువు కడ్డీలు. కొత్త స్తంభాల మధ్య మాత్రం దూరం ఎక్కువ.

ఆ డ్రాయింగు కొత్తగా చేరిన రెహానాకు అప్పగించారు. ఆమె ప్రొబేషన్ ఆ వారంతో ముగుస్తుంది. ఇది సరిగా వస్తేనే ఉద్యోగం ఖాయమని యజమాని నర్సింగరావు గారు ముందే చెప్పారు.

ప్రతి వంపుకూ వ్యాసార్థం కొలత పెట్టి చూడడం తనిఖీలో నా పద్ధతి. రెహానా వలయానికి ఆ కొలత పడలేదు. అది వృత్తం కాదని కంప్యూటర్ చెప్పింది. కొత్త దూరానికి సరిపోవాలని ఆమె పాత ప్యానెల్‌ను, అంటే రెండు స్తంభాల మధ్య రెయిలింగు భాగాన్ని, మొత్తంగా అడ్డంగా మాత్రమే స్కేలు పెంచింది. దాంతో వలయం సాగిపోయింది.

"స్క్రీన్ మీద మంచిగనే కనిపిస్తుంది గద సార్," అంది.

రెయిలింగు తయారుచేసే యాదగిరికి ఫోన్ చేసి ఆకారం వివరించాను. "కోడిగుడ్లు గీస్తే నేనేం జెయ్యాలె సార్? నా రోలింగ్ మెషిన్ గుండ్రంగ దప్ప వంచది. పొదగబెట్టుమంటే పెడత," అన్నాడు.

స్పీకరులో రెహానా కూడా విన్నది. నవ్వబోయి ఆగిపోయింది. విషయం తెలిసి నర్సింగరావు గారు పని ఇంకొకరికి ఇవ్వమన్నారు. "లంచ్ దాకా జెర టైమియ్యండి సార్," అని ఆమె అడిగింది. ఆయన ఒప్పుకున్నారు.

ఆమె పాత ప్యానెల్‌ను మళ్లీ తెరిచి ఈసారి స్ట్రెచ్ కమాండు వాడింది. ఎంపిక కోసం తెర మీద గీసిన పెట్టెలో పూర్తిగా పడిన వంపులు ఆకారం చెడకుండా పక్కకు జరుగుతాయి. పెట్టె గీత దాటి బయటికి ఉన్న తిన్నని కడ్డీలు మాత్రమే పొడవవుతాయి. వలయం వలయంగానే నిలిచింది. కాని దాని రెండు పక్కలా ఖాళీ పెరిగింది. అందులో చిన్నపిల్లల తల దూరుతుందా అని అడిగాను.

కాసేపు చూసి, "మా తమ్ముడైతే పక్కా పెడతడు సార్," అంది. చివరనున్న నిలువు కడ్డీనే కాపీ చేసి ఒక్కో ఖాళీలో ఒకటి నిలబెట్టింది. ఈసారి కొలతలన్నీ పడ్డాయి. సంతకం చేశాను.

నర్సింగరావు గారు ఆ డ్రాయింగును పాత రెయిలింగు ఫోటో పక్కన పెట్టి చాలాసేపు చూశారు. "ఇది పాతదే గదమ్మా, ఏం మార్చినవ్?" అన్నారు. ఆ సాయంత్రమే ఆమె ఉద్యోగం ఖాయమైంది.

కంప్యూటర్‌లో ఏ గీతనైనా ఎంతైనా లాగవచ్చు. లాగే ముందు ఏది సాగాలి, ఏది జరిగితే చాలు అన్నది తేల్చుకోవాలి. దాన్ని ఇనుములో వంచే యంత్రం ఏం చేయగలదో కనుక్కోవాలి. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చిన ప్రతి డ్రాయింగుకూ ముందు ఈ ప్రశ్నలే వేశాను. రెహానా డ్రాయింగులకు మాత్రం వేయవలసిన అవసరం రాలేదు.