మాట వినని చెయ్యి

వేడన్నంలో నెయ్యి వేసుకున్నప్పుడల్లా భవానీపురం మెస్సు మామ్మగారు గుర్తొస్తారు. ఆవిడ కుడిచెయ్యి ఉన్నట్టుండి ఎగిరిపడేది. నేతి గిన్నె వంచితే చుక్క పడాల్సిన చోట ధార పడేది. "నా మాట వినదయ్యా ఇది!" అని ఆ చేతినే తిట్టేవారు. మాకదే పండగ.

చివరికి డాక్టరుగారు, నరాల నొప్పికి వాడే మాత్ర వల్లే కండరాలు అలా అదురుతున్నాయని మందు మార్చారు. చెయ్యి కుదురుకుంది. అందరి కంచాల్లోనూ మళ్ళీ చుక్కలే. ఆవిడకి నయమైనందుకు సంతోషించాలో, నేతికి ఏడవాలో తెలియలేదు.

నేను జ్వరంపడి లేచి వెళ్ళిన రోజు మాత్రం నా పప్పన్నం నేతిలో మునిగింది.

"చెయ్యి అదురు తగ్గిందన్నారు కదండీ?"

"చిక్కిన మొహాలు చూస్తే మళ్ళీ వస్తుందిలే. కలుపుకో."