హార్మన్ బావ నిప్పు దింపిన రోజు

మా బావ హార్మన్ గ్రాగ్‌కు రెండే పిచ్చులు: ఒకటి తన గేర్ల రైలింజను, రెండోది మంచు కరగ్గానే మొలిచే అడవి ఉల్లి. చీట్ కొండ మీంచి దుంగలు దించే ఆ ఇంజనుకు ఆయన డ్రైవరు, నేను ఫైర్‌మన్ని. అక్క మొగుడు కూడా కావడంతో నన్ను తిట్టే హక్కు ఆయనకు రెండింతలు.

ఎంత వాలులోనైనా, ఎంత మంచులోనైనా బావ కొండమీద నిప్పు దింపి ఎరగడు, అంటే పొయ్యిలో బొగ్గులు పట్టాల మీదికి రాల్చేసి మంట ఆర్పి ఎరగడు. అలా దింపిన డ్రైవరును మా మిల్లు ఊళ్లో బతకనివ్వరు, "పొయ్యి ఆర్పుకొచ్చావటగా!" అని దెప్పి చంపుతారు. ఆ దెప్పడంలో బావే అందరికన్నా ముందుండేవాడు. నోరు చెడ్డదే గాని మనసు వెన్న.

ఆ వసంతంలో చర్చిలో ఉల్లి విందు పెట్టారు. మట్టి పట్టిన ఉల్లిగడ్డలు కడగడానికి బాగుంటుందని, ఇంజనుకు వాగునీళ్లు తోడే గొట్టం చివర చెత్తను ఆపే జల్లెడను విప్పి ఇంటికి పట్టుకెళ్లాడు బావ. మర్నాడు అది ఇంట్లోనే ఉండిపోయింది.

"వాగులో రాళ్లు తప్ప ఏముంటాయిరా!" అని నన్ను దబాయించి, ఉత్త గొట్టంతోనే ఇంజను నీళ్ల తొట్టి నింపాడు.

కొండపై దుంగలు కొట్టే శిబిరానికి చేరేసరికి, అక్కడ కాపురముంటున్న ఆయన కూతురు వెర్లీకి నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి. డాక్టరేమో కింద ఊళ్లో. దుంగల బండ్లు అక్కడే వదిలేసి, పిల్లను ఇంజనులోనే పడుకోబెట్టి దిగడం మొదలుపెట్టాం. సగం దారిలో, బాయిలర్లోకి నీళ్లు నెట్టే పంపు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. గాజుగొట్టంలో నీటిమట్టం కళ్లముందే దిగిపోతోంది. నీళ్లు లేని బాయిలరు కింద మంట ఉంటే ఏమవుతుందో మా కొండలో పసిపిల్లలకీ తెలుసు.

"బావా, నిప్పు దించేద్దాం."

"నోర్ముయ్! పంపు ఇప్పుడే అందుకుంటుంది."

"అది అందుకునేలోపు మనం స్వర్గం అందుకుంటాం!"

వెర్లీ పళ్లు బిగించి లేచింది. "నాన్నా, నీ పరువు తర్వాత మోద్దువుగాని. ముందు నన్ను బతికించు."

బావ కూతురి ముఖం చూశాడు. పొయ్యి అడుగు తెరిచే కడ్డీ లాగాడు. ఎర్రని బొగ్గులన్నీ పట్టాల మధ్య కుప్పబోసినట్టు రాలాయి. ఆయన ఏడవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

ఇక వాలే మాకు ఇంజను. మిగిలిన ఆవిరిని బ్రేకులకే పొదుపుగా వాడుతూ, చక్రాలు కీచుమంటుంటే దిగాం. ఊరికి ముందున్న చదునులో బండి ఆగిపోయింది. చివరగా మిగిలిన ఆవిరంతా ఆపద కూతకు పెట్టేశాడు బావ. డాక్టరు ట్రాలీ మీద వచ్చాడు, వెనకే మిల్లు సగం పరిగెత్తుకొచ్చింది. ఇంకా వెచ్చగా ఉన్న బాయిలరు పక్కనే ఆడపిల్ల పుట్టింది.

"జల్లెడ నేనే ఇంటికి పట్టుకెళ్లాను, తప్పు నాదే" అని బావ ఎవరూ అడక్కముందే అందరికీ చెప్పాడు.

సాయంత్రం పంపు గొట్టం విప్పితే వేలెడు చేపపిల్ల ఇరుక్కుని ఉంది. బావ దాన్ని గుడ్డలో చుట్టి వెర్లీ మంచం దగ్గరికి తీసుకెళ్లాడు.

"తల్లీ, నిన్ను చంపబోయింది ఇదే."

"చంపబోయింది నువ్వు. అది దాని మానాన వాగులో ఉంది."

బావ తల దించుకున్నాడు. వెర్లీ బిడ్డను తీసి ఆయన చేతుల్లో పెట్టింది.

"ఉల్లి కంపు కొడుతున్నావు. అయినా పట్టుకో, నాన్నా."