భీమన్న శుక్రవారం అక్షరం

భీమన్నకు జపాను భాష ముక్క రాదు. అయినా జపాను పాటలు తప్ప పాడడు. పాట ఎంచుకోవడానికి రాగంతోనూ అర్థంతోనూ అతనికి పనిలేదు, పాట పేరులో మొదటి అక్షరం చూస్తాడు, అంతే. "ఇయ్యాల 'కి'" అని ప్రకటించాడంటే ఆ పూట ఎడారి దేశంలోని ఖబూరా కూలీల క్యాంపు మొత్తం 'కి'తో మొదలయ్యే పాటలే వినాలి. వినకుండా తప్పించుకునే దారి లేదు, గదుల మధ్య గోడలు ప్లైవుడ్‌వి.

దీనికంతటికీ కారకుడు ఒక జపాను ఇంజనీరు. నీళ్ళ ప్లాంటులో తన వంతు పని ముగించుకుని జపాను వెళ్ళిపోతూ, వాయిద్యాలు మోగిస్తూ పాట అక్షరాలు తెర మీద చూపే తన కరోకే మిషను, ఒక మైకు, దిండంత లావున్న పాటల పుస్తకం భీమన్న చేతిలో పెట్టి పోయాడు. పోయేముందు నెలరోజుల పాటు టీ టైములో అక్షరాలు నేర్పాడు. పుస్తకంలో పాటలన్నీ అ, ఇ, ఉ, ఎ, ఒ, ఆ తర్వాత క, కి, కు, కె, కొ అని వరసగా ఉంటాయని తెలిసిన రోజు భీమన్నకు సంబరంతో అన్నం సహించలేదు. "బడిల సారు చెప్పిన గుణింతమే గద. జపానోళ్లు మనోళ్లేరా" అని సైటంతా తిరిగి చెప్పొచ్చాడు.

తెర మీద తనకు వచ్చిన అక్షరాలు కనిపిస్తే చదివేవాడు. బొమ్మల్లాంటి కష్టమైన అక్షరాలు వస్తే ఆగేవాడు కాదు. ఆ ఖాళీల్లో జగిత్యాల నుంచి నిజామాబాద్ పోయే బస్సు ఆగే ఊళ్ళ పేర్లు వేసేవాడు. ఏదో విరహగీతం కన్నీళ్ళతో సాగుతుండగా మధ్యలో "కోరుట్లా... మెట్‌పల్లీ..." అని రాగం తీసేవాడు.

ఇది చాలదన్నట్టు వైద్యం ఒకటి. ఎవడికి ఏ బాధ ఉన్నా అక్షరమే మందు. "నడుం నొస్తుందా? 'ను' పాట ఇను." "ఫోర్‌మన్ తిట్టిండా? 'తొ' మంచిగ పనిచేస్తది." ఒకసారి పన్నునొప్పితో దవడ వాచిన మనిషికి 'మె' పాటలు నాలుగు వినిపించాడు. అతను అయిదో పాటకు ముందే లేచి డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు. తన మందు పనిచేసిందని భీమన్న ఇప్పటికీ చెప్పుకుంటాడు.

భీమన్న పక్క మంచం సంజీవ్‌ది. కాంక్రీటు పోతకు చెక్క పలకలు బిగించే షట్టరింగ్ కార్పెంటరు. ఆరు రోజులు ఎండలో పలకలు మోసి, మేకులు కొట్టి, సెలవురోజైన శుక్రవారానికి ఒళ్ళు పచ్చిపుండయ్యేది. అతనికి కావలసింది ఒకటే, నిద్ర. సరిగ్గా మధ్యాహ్నం రెండింటికి, కన్ను మూతపడే వేళకు, వరండాలో మైకు గరగరమనేది.

"అన్నా, జెర పండుకోనియ్యి."

"పండుకో తమ్మీ. పాడేది నేను గద, నిన్నేమన్న పాడుమన్ననా?"

రెండేళ్ళలో ఒక్క శుక్రవారమే ప్రశాంతంగా గడిచింది. ఆ రోజు భీమన్నకు జ్వరం. సంజీవ్ సంబరంగా దుప్పటి కప్పుకున్నాడు. కానీ పక్క గదిలో కడప జిలాని పెళ్ళాంతో ఫోన్లో మాట్లాడుతూ ఏడుస్తున్నాడు. ప్రతి మాటా గోడ దాటి వచ్చింది. గదుల వరస మొత్తం విన్నది. వారం రోజులు మెస్సులో ప్లేటు పట్టుకున్న ప్రతివాడూ జిలాని ఏడుపును అనుకరించాడు. జిలాని అన్నం గదికి తెచ్చుకుని గోడకు తిరిగి కూర్చుని తిన్నాడు.

అందుకే ఇప్పుడు సంజీవ్‌కి భయం పట్టుకుంది. కిందటేడు లీవుకు వెళ్ళొచ్చాక ఊళ్ళో పుట్టిన అతని బిడ్డకు నాలుగు నెలలు నిండాయి, ఇంకా పేరు పెట్టలేదు. "నాయన రాకుండ తొట్టెల చెయ్యొద్దు" అని అతనే ఆపించాడు. లీవు ఒకసారి వాయిదా పడింది. ఈ వారం రెండోసారి పడింది, ప్లాంటు అప్పజెప్పేదాకా కదలొద్దన్నారు. భార్య శ్రీవాణి శనివారం నుంచి చుట్టాలను పిలవబోతోంది. ఈ శుక్రవారమే చెప్పాలి. చెబితే ఆమె ఏడుస్తుంది, ఆమె ఏడిస్తే తనూ ఆగలేడు. ఆ ఏడుపు నలుగురి నోళ్ళలో పడకూడదు. నిశ్శబ్దంగా, గుసగుసగా మాట్లాడి ముగించాలని అతని లెక్క.

గురువారం డ్యూటీ నుంచి వస్తూనే భీమన్న దగ్గర కూర్చుని సంగతంతా చెప్పాడు. "రేపొక్క దినం మిషన్ బంద్ పెట్టన్నా."

భీమన్న చాలాసేపు గడ్డం గీరుకున్నాడు. "బిడ్డకు ఏ అక్షరం పడ్డది?"

"ల."

"జపానోళ్ల పుస్తకంల 'ల' లేదు, పాపం. 'ర'తోనే ఎల్లదీసుకుంటరు."

"అన్నా, నేనేమడుగుతున్న, నువ్వేం చెప్తున్నవ్?"

"నక్షత్రం జూసి అయ్యగారు అక్షరం చెప్తే, దాంతోని బిడ్డకు పేరు పెడ్తరు. అది శాస్త్రం. నేను అక్షరం జూసి పాట పెడితే పిచ్చి. గిదేం న్యాయం తమ్మీ?"

"బంద్ పెడ్తవా, పెట్టవా?"

"పెట్ట. రేపు 'హ'. 'హ'ను ఆపొద్దు, మంచిది గాదు."

సంజీవ్ ఆ రాత్రి భీమన్నకు వీపు తిప్పి పడుకున్నాడు.

మర్నాడు రెండింటికి ఫోను పట్టుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. గొళ్ళెం పడగానే వరండాలో డోళ్ళు మోగాయి. అలాంటి డోళ్ళు అంతకు ముందు ఏ ఒకటి రెండుసార్లో తప్ప వినలేదు. ప్లైవుడ్ అదిరింది.

"గా సప్పుడేంది?" అంది శ్రీవాణి.

"భీమన్న పాడుతున్నడు."

"ఏందీ?"

గుసగుస కుదరలేదు. "లీవు రాలే" అన్న మాట గొంతెత్తి రెండుసార్లు అరవాల్సి వచ్చింది. శ్రీవాణి ఏడ్చింది. ఆ తర్వాత తిట్టింది. కంపెనీని, ఎడారిని, అతన్ని, అతను వస్తాడని నమ్మిన తనని. సంజీవ్ మంచం కోడు పట్టుకుని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. రెండేళ్ళలో అదే మొదటిసారి. బయట ఒక పాట ముగిసేలోగా ఇంకొకటి అందుకుంటోంది, ఊపిరి తీసుకునే సందు కూడా లేదు.

నలభై నిమిషాలకు శ్రీవాణి ముక్కు తుడుచుకుంది. "ఊకో ఇగ. తొట్టెల వచ్చే ఆదివారమే చేస్తం. బిడ్డ చెవుల పేరు మాత్రం నువ్వే చెప్పాలె, ఫోన్లనైనా సరే."

"చెప్త."

ముఖం కడుక్కుని, ఫోను జేబులో వేసుకుని, గొళ్ళెం తీశాడు. అప్పుడే పాట ఆగింది. చివరికి రాలేదు, "మెట్" అన్నాక "పల్లీ" రాకుండానే ఆగిపోయింది.

వరండాలో జిలాని ఎదురయ్యాడు. "ఏమన్నా, ఇంటికి ఫోన్ జేస్తానంటివి, ఇంగా జేయలేదా? నీ మాటే ఇనపల్యా."

సంజీవ్ అనుమానంగా భీమన్న దగ్గరికెళ్ళి అతని మోకాళ్ళ మీదున్న పుస్తకంలోకి వంగి చూశాడు. ఒక్కో అక్షరం పక్కన లావుపాటి కార్పెంటరు పెన్సిలుతో భీమన్న తెలుగులో రాసుకున్నాడు. 'న': మెల్లగ, పనికిరాదు. 'మి': డోలు సగం దాకనే. 'కి': చిన్న కొట్లాటకు చాలు. 'హ': ఎంత ఏడ్చినా బయటికి ఇనపడది.

రెండేళ్ళు తను తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి సంజీవ్‌కి సిగ్గేసింది. ఆ బట్టతల మనిషి మీద పట్టరాని ప్రేమ కలిగింది.

"కావాలనే పాడినవా అన్నా?"

"ఏంది కావాలని? నాకు పాటల పిచ్చి. క్యాంపంత ఎర్కే గద." గొంతు పూర్తిగా బొంగురుపోయింది, మాట సగమే వచ్చింది. గ్లాసులో వేడినీళ్ళు తాగుతూ ఎటో చూశాడు.

"అమ్మకు ఫోన్ జేసొస్తా" అంటూ జిలాని తన గదివైపు నడిచాడు. భీమన్న గ్లాసు పక్కన పెట్టి మైకు అందుకోబోయి దగ్గాడు. సంజీవ్ అతని చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"జిలానికి ఏ అక్షరం?"

"వాళ్లమ్మకు చెవుడు, గట్టిగ ఒర్రాలె. 'హ'నే పెట్టు."

సంజీవ్ కళ్ళు నిద్రతో మూతలు పడుతున్నాయి. జిలాని తలుపు వేసుకునేదాకా ఆగి, పాట నంబరు నొక్కి, మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు.